పసిపిల్లల చేతిలో పశుపక్షులు

పంటలను గూర్చియు ఎరువులను గూర్చియు అప్పుల వాయిదాలను గూర్చియు వ్రాయవలసిన పత్రికలో పసిపిల్లల బొమ్మలను గూర్చిన వ్యాసమేమని చదువరులలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్విన వారి యింటను మూడేండ్ల మనుమడో మనుమరాలో ఉండకపోదు. ఆ బిడ్డ తల్లి వెంట పొలమునకు వచ్చును. గట్టుమీద చెట్టునీడను కూర్చుండును. చేతికి దొరికినదానితో ఆడుకొనును. ఆడుకొనుచున్నదానిని నోట పెట్టుకొనును. ఆ చేతికి ఏది దొరకవలెనో ఏది దొరకరాదో, గింజను చూచి గుణము చెప్పగల రైతునకు తెలిసినంతగా పట్టణపు బొమ్మల వర్తకునకు తెలియదు. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

మన గ్రామములలో బిడ్డ మొట్టమొదట గుర్తుపట్టు జంతువులు ఎద్దు, దూడ, కుక్క, కోడి, కాకి, ఉడుత, కప్ప. వీనిలో కొన్నిటిని పేరునకు ముందు అఱపుచేతనే ఎఱుగును. సంతలో కొన్న రబ్బరు ఎలుగుబంటితోను పొడుగుమెడ జిరాఫీతోను ఆడుకొనరాదని నేననను. కాని జిరాఫీని ఆ బిడ్డ ఎన్నడును చూచియుండదు. బొమ్మలో తప్పున్నను తెలియదు, ఒప్పున్నను తెలియదు. ఇంటి దూడను మట్టితో చేయ మొదలుపెట్టినప్పుడు సంగతి వేఱు. చెవి కొమ్మునకు క్రిందనా పైననా? మూపురము ముందఱికాళ్ళమీదనా నడుముమీదనా? తోక ఎందాక వచ్చును? ఈ సందేహములు పుట్టగానే బిడ్డ లేచి కొట్టములోనికి పోయి చూచి వచ్చును. వచ్చి తన బొమ్మను తానే దిద్దుకొనును. చూచుట, పోల్చుట, చేసి చూచుకొనుట యనెడి ఈ మూడును అక్షరములకు ముందు రావలసిన చదువు. బలపము పట్టవలసిన వ్రేళ్ళకు బలము వచ్చుటయు మట్టి పిసుకుటచేతను ఆకు మడచుటచేతనే. నాలుగేండ్లు నిండని బిడ్డను కూర్చుండబెట్టి బలవంతముగా ఓనమాలు దిద్దించుటకంటె ఒక మట్టిముద్ద చేతికిచ్చుట మేలని నా అభిప్రాయము. ఇంగ్లీషు బళ్ళకు తొందరపడు తల్లిదండ్రులకు ఈ మాట రుచింపకపోవచ్చును.

ఈ అభిప్రాయము నేను క్రొత్తగా కనిపెట్టినది కాదు. గిజుభాయి బధేకాగారు భావనగరములో 1920వ సంవత్సరమున బాలమందిరమును నెలకొల్పి పసిపిల్లలకు బెత్తములేని చదువు చెప్పిరి. వారితో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్‌గారు 1945లో బొంబాయికి ఉత్తరమున సముద్రపుటొడ్డుననున్న బోర్డీ గ్రామములో గ్రామ బాల శిక్షా కేంద్రమును ప్రారంభించి, 1957లో దానిని సమీపమందలి కొస్బాడు కొండకు మార్చిరి. అనూతాయి వాఘ్‌గారు వారికి కుడిభుజము. అచటి పిల్లలలో పలువురు వార్లీ జాతివారు. వారి తల్లిదండ్రులు కూలినాలి చేసుకొనువారు. మాంటిసోరీ పద్ధతికి కావలసిన కొయ్య పరికరములు వారి తాహతునకు మించినవి. అందుచేత ఆ బడిలో గింజలు, గవ్వలు, ఆకులు, గులకరాళ్ళు, మట్టి మున్నగు చుట్టుప్రక్కల దొరకు వస్తువులే పరికరములైనవి. పశువులను మేపుచు బడికి రాలేని పిల్లలకొఱకు బడియే పచ్చికబయళ్ళకు నడచిపోయినది. పిమ్మట 1975 అక్టోబరు 2వ తేదీన కేంద్ర ప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి పథకమును ప్రారంభింపగా ఊరూర అంగన్‌వాడీలు వెలసినవి. మూడు మొదలు ఆఱేండ్లవఱకుగల పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పుట వానికి అప్పగింపబడిన పనులలో ఒకటి. గ్రుడ్డును పాలును ఇచ్చుచున్నారా లేదా యని విచారించు తల్లిదండ్రులు, అచట బిడ్డ చేతులకు ఏమి పని చెప్పుచున్నారో అంతగా విచారింపరు.

మట్టి ఎద్దు

మట్టితో పశువును చేయుట మన సేద్యగాండ్రకు పండుగలోని ముచ్చట. కన్నడ దేశమున జ్యేష్ఠ బహుళ అమావాస్యనాడు మట్టి ఎద్దులను చేసి పూజింతురు. సరిహద్దుననున్న మన రాయలసీమ గ్రామములలోను ఈ ఆచారము కలదు. తెలంగాణమున శ్రావణ బహుళ అమావాస్యనాడు పొలాల అమావాస్య పేరిట ఎడ్లను కడిగి అలంకరించుటతోపాటు మట్టి ఎడ్లను చేసి పీటమీద నిలిపి పూజించువారు కలరు. మహారాష్ట్రులకు అది పోళా పండుగ. నాగపురమున ఆ మఱునాడు పిల్లల పోళా యని వేఱుగ ఒక వేడుక చేయుదురు. చిన్నవాండ్రు చక్రములుగల కొయ్య ఎద్దులను లాగుకొనుచు వీధులలో తిరుగుదురు. ట్రాక్టరు వచ్చిన పిమ్మట కొట్టములో ఎద్దులేని రైతుల యిండ్లు హెచ్చినవి. అట్టి యింటి బిడ్డను ఏరువాకనాడు పొరుగువారి కాడిని చూపించి తీసికొనివచ్చి, అప్పుడు చేతికి మట్టి ఇయ్యవలెను.

మట్టిని ఎన్నుకొనుట ముఖ్యము. చెరువులో పూడుకొన్న ఒండ్రుమట్టి మేలైనది. కుమ్మరివారు వాడు మట్టి దొరికినచో అంతకంటె కావలసినది లేదు. పశువుల కొట్టము చుట్టునున్న మట్టియు, మురుగుకాలువ మట్టియు, మందు చల్లిన చేనిమట్టియు పనికిరావు. పేడ కలిసిన మట్టిలో ధనుర్వాతపు క్రిములుండును. పసిచేతుల మీద గీతలు గాయములు లేని దినముండదు గదా. మట్టికొఱకు పిల్లలను చెరువుగట్టునకు ఒంటరిగా పంపరాదు. పూడిక తీసిన గోతులు ఎంత లోతున్నవో నీరు నిండిన తరువాత పెద్దలకే తెలియదు. పెద్దవారు ఒక్కమాఱు గంపెడు మట్టి తెచ్చి, ఎండబెట్టి, పొడిచేసి జల్లించి, రాళ్ళు గాజుపెంకులు ఏఱివేసి, నీళ్ళు చల్లి తడిగోనె కప్పి పెట్టినచో నెలదినములు వచ్చును. చేతికి అంటుకొనక, విఱుగక, రొట్టెపిండివలె సాగునప్పుడు బిడ్డ చేతికి ఇయ్యవలెను.

ఇకమీద చేయుట. పెద్దవారు సాధారణముగా ఉండలు చేసి కాళ్ళను తలను విడివిడిగా అతుకుదురు. ఆరిన పిమ్మట అవి యొకటొకటిగా ఊడిపోవును, బిడ్డ ఏడ్చును. దీనికి రెండుపాయములు. మొదటిది, ఒకే ముద్దనుండి కాళ్ళు, తల, మూపురము పిండి పైకి లాగుట. అతుకు లేనిచోట ఊడుట లేదు. మూడేండ్ల వానికిని ఇది చేతనగును. రెండవది, అతుకవలసిన రెండు చోటులను పుల్లతో గీతలుగా గీకి, మట్టిజావ పూసి, గట్టిగా అదుముట. కొమ్ములవంటి సన్నని వానికి ఈ పద్ధతి తప్పదు. ముద్ద పిసుకునప్పుడు కొంచెము దూదిపీచు కలిపినచో బీటలు తగ్గును. గోడలు పెట్టువారు మట్టిలో గడ్డి కలుపుట ఇందుకొఱకే. చేసిన బొమ్మను ఎండలో పెట్టరాదు. నీడన మూడు నాలుగు దినములు ఆరవలెను. ఎండలో పైభాగము ముందుగా ఆరి, లోపలి తడి తరువాత లాగుకొనుటచేత పగులును. రేగడినేల వేసవిలో నెఱ్ఱెలు విచ్చుటయు దాదాపుగా ఇట్టిదే గనుక రైతునకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. బిడ్డకు మాత్రము చెప్పవచ్చును. ఒక బొమ్మను ఎండలోను ఒకదానిని నీడలోను పెట్టి చూపినచో మఱియు బాగుండును.

రంగు వేయుటకు జాజు, నామపుసుద్ద, పసుపు, బొగ్గుపొడి చాలును. సున్నము వలదు, కంటబడినచో కంటికే ముప్పు. బండికి వేయగా మిగిలిన డబ్బా రంగును బొమ్మకు పూయుట మన యిండ్లలో కలదు. ఇది మానవలెను. ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని 2016లో చేసిన నిబంధనలు 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినవి. బండ్లకును యంత్రములకును వేయు రంగులకు ఆ నిబంధనలు వర్తింపవు. సీసము పసిపిల్లల మెదడును మొద్దుబఱచును. కనబడు జబ్బేమియు లేకుండగనే ఈ నష్టము జరిగిపోవును.

బెండు, ఆకు, టెంక

జొన్నచేలు గల గ్రామములలో బెండుబొమ్మలను తాతలు చేసి యిచ్చుట నిన్నమొన్నటి వాడుక. ఎండిన జొన్నదంటు పైనున్న బద్దను ఒలిచినచో లోపల తెల్లని మెత్తని బెండు వచ్చును. ఒలిచిన బద్దనే సన్నముగ చీల్చినచో మేకులు సిద్ధము. జేనెడు బెండుముక్క ఒడలు. నాలుగు బద్దముక్కలు కాళ్ళు. చిన్న బెండుముక్క తల. వంచిన రెండు సన్నని బద్దలు కొమ్ములు. ఇట్టి ఎద్దులను రెంటిని చేసి, కాడి పెట్టి, వెనుక బండి కట్టినచో జిగురుతోను ఇనుముతోను పనిలేని బండి తయారగును. చక్రములకు బెండును బిళ్ళలుగా కోయవలెను. ఒలుచుట మాత్రము పెద్దవారి పని. జొన్నబద్ద అంచు కత్తివలె తెగును. చేయి తెగిన తరువాతగాని నమ్మనివారు పలువురు. ఒలిచి, కోసి, మేకులను చీల్చి, పళ్ళెములో పెట్టి యిచ్చినచో గ్రుచ్చుట ఐదేండ్ల బిడ్డ చేసికొనును. మేకు కొన మఱీ వాడిగా ఉండరాదు. బెండు మెత్తనిది గనుక మొండి కొనయైనను దిగును.

కొబ్బరితోటల వారికి పాము సులభము. పచ్చి ఆకులు రెంటిని ఈనె తీసి సమానమైన వెడల్పున చీల్చి, కొసలను ఒకదానిమీద నొకటి అడ్డముగ పెట్టవలెను. క్రిందనున్న దానిని పైకి మడవవలెను, ఇప్పుడు క్రిందికి వచ్చిన రెండవదానిని పైకి మడవవలెను, ఇట్లు కొసవఱకు. చివర నారతో కట్టి, నాలుకకు ఒక చీలిక విడువవలెను. లాగినచో సాగి, విడిచినచో ముడుచుకొను పాము వచ్చును. ఇది చేయుచు బిడ్డ "ఇది, అది, ఇది, అది" యని వంతులు లెక్కించుకొనును, లెక్కకు నాంది ఇదియే. తాటాకుతో చేపలను చిలుకలను అల్లి ఉయ్యాలకు కట్టుట వేళ్ళు తిరిగిన పెద్దల పని. చూచి ఆనందించుటతప్ప పసివారు చేయజాలరు గనుక విస్తరింపను.

రాలిన ఆకులతో చేయు చిత్రములకు ఖర్చేమియు లేదు. ఆకులను పాతకాగితముల నడుమ పెట్టి మీద బరువుంచి మూడు దినములు అణచవలెను. గంజితోగాని అన్నపు మెతుకులతోగాని అట్టమీద అంటింపవలెను. రావియాకునకు పొడుగైన కొన ఉండును. అది తోకగా పెట్టి చూచినచో ఎలుక కనబడును. దేవకాంచనపు ఆకు రెండు ఱెక్కలుగా చీలియే పుట్టును. నడుమ పుల్ల నొకదానిని పెట్టినచో సీతాకోకచిలుక. మఱ్ఱియాకు తాబేటి డిప్ప. నాలుగు వేపరేకులు దాని కాళ్ళు. బాదమాకు ఏనుగు చెవి. చింతాకులు ఈకలకు పనికివచ్చును గాని అంత సన్ననివానిని అంటించు ఓపిక పిల్లలకుండదు. ఇందులో పెద్దవారు చేయవలసిన పని యొకటే: పేరు చెప్పక ఆకును చేతికిచ్చి "ఇది నీ కంటికి దేనివలె నున్నది?" అని అడిగి ఊరకుండుట. బిడ్డ రావియాకును చేపయన్నచో చేపయే.

మామిడిపండ్ల కాలమున టెంకను బాగుగ కడిగి ఎండబెట్టి పీచును దువ్వినచో కుక్కపిల్లయో ఎలుకయో అగును. కొబ్బరిచిప్ప అంచును రాతిమీద నూఱి నున్నచేసి బోర్లించినచో తాబేలు. మట్టితో చేసిన ఒడలిమీద, తడి ఆరకముందే గింజ తీసిన పత్తిని అద్దినచో గొఱ్ఱెపిల్ల. ఏ పంట పండు ఊరిలో ఆ పంటతోనే చేయవలెనని నియమము పెట్టుకొనినచో బిడ్డకు తన ఊరి పంటయు తెలిసివచ్చును.

చేనికి మేలుచేయు ప్రాణులు

పెద్ద జంతువులతో ఆగక చేనిలోని చిన్న ప్రాణులను గూడ బిడ్డ చేత చేయింపవలెను. పెద్దయైన తరువాత పురుగనగానే మందు చల్లు తండ్రిగా మారునో, చూచి చల్లు తండ్రిగా మారునో యనునది చిన్ననాటి ఎఱుకనుబట్టి కొంత యుండును. అక్షింతల పురుగు పేనుబంకను తినును. తూనీగ ఎగురుచు దోమలను పురుగులను పట్టి తినును. సాలెపురుగు వరిచేనిలో దోమపోటు కలిగించు పురుగులకు పగవాడు. గుడ్లగూబ ఎలుకలను తినును. దానిని అపశకునమని తఱుముకొనుట మన చేనికి మనమే చేసికొను చెఱుపు. చిన్నమట్టియుండను సగముగ నొక్కి, జాజు పూసి, బొగ్గుచుక్కలు పెట్టినచో అక్షింతల పురుగు. ఒక పుల్లకు నాలుగు వేపరేకులను నారతో కట్టినచో తూనీగ. మన పిల్లలు తూనీగ తోకకు దారము కట్టి ఆడుట అందఱు చూచినదే. తానే యొక తూనీగను చేసి, దాని ఱెక్కలెన్నియో కాళ్ళెన్నియో లెక్కించిన బిడ్డ దారము కట్టుటకు కొంత జంకును. అందఱును జంకుదురని నేను చెప్పజాలను.

గిజిగాని గూడు దొరికినచో అంతకు మించిన పాఠము లేదు. పిల్లలు ఎగిరిపోయిన తరువాత గాలికి రాలిన గూటినే తీసికొనవలెను, చెట్టుమీదిది కోయరాదు. వరియాకులనుండియు తాటాకులనుండియు సన్నని నారలు చీల్చి తెచ్చి, ముక్కుతోనే ముడివేసి అల్లిన ఆ గూటిని విప్పి చూపినచో, పిల్లలు తామును గడ్డిపోచలతో అల్ల మొదలుపెట్టుదురు. కుదరదు. కుదరకపోవుటయే వారికి ఆ పక్షి గొప్పతనము తెలుపును.

ఏవి చేతికి ఇయ్యరాదు

ఇది ఈ వ్యాసములోని ముఖ్యభాగము. తక్కినది మఱచినను ఇది మఱువకుడని కోరుచున్నాను.

మట్టి వినాయకునకు గురివింద గింజలను కన్నులుగా పెట్టుట మన యిండ్లలో చిరకాలపు వాడుక. ఎఱ్ఱని ఒడలు, నల్లని చుక్క. ఎద్దుబొమ్మకు గాని పక్షిబొమ్మకు గాని అంత చక్కని కన్ను మఱియొకటి దొరకదు. కాని ఆ గింజలోనున్న విషము ప్రాణాంతకము. పైపెంకు గట్టిది గనుక మ్రింగిన గింజ పగులక వెలుపలికి పోయినచో అపాయము తప్పవచ్చును. నమలినచో, ఒక్క గింజయైనను పసిబిడ్డ ప్రాణము తీయగలదు. దారము గ్రుచ్చుటకు బెజ్జము వేసిన గింజ మఱియు ప్రమాదకరము. పెంకు ముందే తెగి యుండును గనుక విషము వెలికి వచ్చుటకు అడ్డులేదు. దేవుని బొమ్మకు పెట్టదలచినవారు పిల్లలకందని చోట పెట్టి, నిమజ్జనమునకు ముందు గింజలను తీసి పాతిపెట్టుడు. పిల్లల బొమ్మకు కన్ను కావలసినచో పుల్లతో చిన్న గుంట పొడిచి అందులో నల్లమట్టి అద్దిన చాలును.

ఆముదపు గింజ నిగనిగలాడుచు మచ్చలతో చూడ ముచ్చటగ నుండును. నూనె తీసినది మందు, గింజ విషము. కంచెకు నాటు అడవియాముదపు గింజ రుచిగా నుండుటచేత పిల్లలు ఒకటి తిని మఱియొకటి తిందురు; వాంతులు విరేచనములు పట్టుకొనును. ఉమ్మెత్తకాయ ముండ్లపందిని చేయుటకు అనువుగ కనబడును, దానిని ముట్టనీయరాదు. పచ్చగన్నేరు కాయయు అంతే. అది గుండెకే తగులును. జిల్లేడు పాలు కంటిలో పడినచో చూపు దెబ్బతినును. కావున జిల్లేడు ఆకును, పూమొగ్గను ఆటకు ఇయ్యరాదు. వయ్యారిభామ ఆకు తగిలినచో కొందఱి చర్మము దద్దురులెక్కును.

రైతు యింట మాత్రమే యుండు అపాయములు మఱికొన్ని కలవు. మందు పట్టించిన విత్తనములకు గులాబియో నీలమో రంగు వేసియుందురు. తినరాదని హెచ్చరించుటకే ఆ రంగు. ఆ రంగునుచూచియే పిల్లలు ఆకర్షింపబడుదురు. విత్తగా మిగిలిన ఇట్టి గింజలను బొమ్మలకు వాడుటగాని, ఏఱి ఆడుకొననిచ్చుటగాని కూడదు. పురుగుమందు డబ్బాలు సీసాలు ఎన్నిమాఱులు కడిగినను ఏనుగు ఒడలుగాను బండిచక్రముగాను పనికిరావు. వానిని మూడుమాఱులు కడిగి, ఆ నీటిని పిచికారీ తొట్టిలోనే పోసి, డబ్బాకు బెజ్జములు వేసి పాఱవేయవలసినదేగాని ఇంటికి తేరాదు. క్రొత్తగా మందు చల్లిన చేని గడ్డియు ఆకులును అట్టివే.

మంచి గింజలవలనను భయము లేకపోలేదు. చింతగింజ, సెనగగింజ, వేరుసెనగపప్పు ఇవి విషములు కావు. కాని గొంతుకు అడ్డుపడును, ముక్కులోను చెవిలోను దూరును. మూడేండ్లలోపు బిడ్డకు సుమారు 32 మిల్లీమీటర్ల, అనగా ఒకటింబావు అంగుళపు వెడల్పుగల గొట్టములో దూరిపోవు వస్తువును ఇయ్యరాదను లెక్క బొమ్మలను పరీక్షించువారు పాటింతురు. నలుగురైదుగురు పిల్లలున్న ఇంట పెద్దవాని బొమ్మ చిన్నవాని నోటికి పోవును గనుక ఈ కొలత ఇల్లంతటికి పెట్టుకొనుట మేలు.

విషపు గింజ తిన్నట్లు అనుమానము కలిగినచో ఉప్పునీళ్ళు పోసి కక్కింపకుడు, పసరు పోయకుడు. నోటనున్నది తీసివేసి, 108కి ఫోను చేసి, మిగిలిన గింజనో కాయనో చేతపట్టుకొని ఆసుపత్రికి పొండు. గురివిందయు ఆముదమును తిన్నప్పుడు బాధ కొన్ని గంటలు గడచిన పిమ్మట మొదలగుట కలదు. బిడ్డ ఆడుకొనుచున్నది గదా యని వేచియుండరాదు.

అమ్మదలచినవారికి

ఈ బొమ్మలను చూచి మహిళాసంఘముల వారు కొందఱు, వీనిని చేసి సంతలో అమ్మినచో నాలుగు రూకలు రావా యని అడుగుట సహజము. తమ బిడ్డకు చేసి యిచ్చుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. అమ్ముటకు నిబంధనలు కలవు. 2020లో కేంద్ర ప్రభుత్వము జారీచేసిన బొమ్మల నాణ్యత ఉత్తర్వు 2021 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. పదునాలుగేండ్లలోపు పిల్లలకొఱకు అమ్ము బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండవలెనని దాని సారాంశము. హస్తకళల అభివృద్ధి కమిషనరు కార్యాలయమున నమోదైన కళాకారులు చేసి అమ్ము వస్తువులకును, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలను చేయు అధికారము గలవారికిని మినహాయింపు ఇచ్చినారు. కావున మొదట కళాకారులుగా నమోదగుట, పిమ్మట సరకు చేయుట క్రమము. సరకు చేసి కూర్చుండి పిమ్మట విచారించినచో పెట్టుబడి చిక్కుకొనును.

ప్రకృతిరంగులతో బ్రతుకుతెఱువు సాగునా యనువారు అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డుననున్న ఏటికొప్పాకను చూచి రావచ్చును. అచట అంకుడు కఱ్ఱను లాగుడుమర మీద తిప్పుచు లక్కతో రంగులద్ది బొమ్మలు చేయుదురు. రసాయనపు రంగులు వచ్చి పాతపద్ధతి మూలబడగా, ఆ ఊరి రైతు కుటుంబమువారైన సి.వి. రాజుగారు పసుపు, నీలి, జాఫరా గింజలు మొదలగువానినుండి రంగులు తీయు పద్ధతిని మరల నిలబెట్టి కళాకారులకు అలవాటు చేసిరి. 2023లో వారికి పద్మశ్రీ పురస్కారము లభించినది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. కొండపల్లివారు తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల పిండిని రంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవములను అతుకుదురు. నిర్మల్‌వారిదియు పొణికియే. ఈ మూడు చోట్లను కఱ్ఱ దొరకుటయే పెద్ద చిక్కుగా నున్నది. అంకుడును పొణికియు అడవిచెట్లు. నఱికినంత వేగముగ పెరుగవు. గట్లమీదను బంజరులోను అంకుడు మొక్కలను పెంచుట సభ్యులు ఆలోచింపదగిన సంగతి. దాని లాభనష్టములు లెక్కవేయుటకు ఇది చోటు కాదు.

మన సంఘములు వెంటనే చేయగలది చిన్నపని. జొన్న కోసినప్పుడు పది దంటులను విడిగా కట్టి అటకమీద పెట్టుడు. తడి తగిలినచో బెండు నల్లబడును. చెరువు పూడిక తీయు దినమున జల్లించిన మట్టి రెండు గంపలు అంగన్‌వాడీకి చేర్పించుడు. దానితోపాటు తడిపి కప్పుటకు పాతగోనె యొకటి, చేతులు కడుగుకొనుటకు సబ్బుబిళ్ళ యొకటి. ఊరిలో బెండుబండి కట్టనేర్చిన ముసలివారు ఇంకను ఉన్నచో, వారిని నెలకొక పూట అచట కూర్చుండబెట్టుడు. పోవునప్పుడు గురివింద, ఆముదము, అడవియాముదము, ఉమ్మెత్త, పచ్చగన్నేరు ఈ అయిదింటి గింజలను కాయలను గాజుసీసాలో వేసి మూత బిగించి తీసికొనిపోయి, పిల్లలకు దూరమునుండి చూపి, "వీనిని ముట్టరాదు" అని పేరుపేరున చెప్పి, సీసాను మరల వెంట తెచ్చుకొనుడు.